కీ=విలువ జతలు ఎక్కడ రాయాలి? పాన్‌డాక్, లిబ్రేఆఫీస్ మార్పిడి పనులకు పోలిక, ఎంపిక సలహా

దరఖాస్తులో భూమి విస్తీర్ణం 2.10 అని ఉంటే నల్గొండలోనైనా పాలమూరులోనైనా అర్థం ఒక్కటే: రెండెకరాల పది గుంటలు. ఆ అంకెను యామల్ (సెట్టింగ్స్‌ను మామూలు టెక్స్ట్‌గా రాసుకునే పద్ధతి) ఫైల్‌లో కోట్స్ లేకుండా పెట్టి, పైథాన్‌లో పైయామల్ లైబ్రరీతో చదివించండి. 2.1 అయి బయటికొస్తుంది. పీడీఎఫ్ మీద చూసినవాళ్లు దాన్ని రెండెకరాల ఒక గుంట అనే చదువుకుంటారు. తొమ్మిది గుంటలు మాయం. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఫైల్ చక్కగా తయారవుతుంది.

డాక్యుమెంట్లను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే సాఫ్ట్‌వేర్‌కు మనం ఇచ్చే వివరాలన్నీ చివరికి ఇలాంటి జతలే: ఒక కీ, దానికో విలువ. టైటిల్, పేరు, ఫాంటు, మార్జిన్, పేజీ సైజు, సర్వే నంబర్. వీటిని కమాండ్ లైన్‌లో ఇవ్వొచ్చు, డాక్యుమెంట్ పైన రాయొచ్చు, విడి ఫైల్‌లో పెట్టొచ్చు. దారిని బట్టి అదే విలువను సాఫ్ట్‌వేర్ వేరే రకంగా అర్థం చేసుకుంటుంది. డీటీపీ సెంటర్లలో, కాలేజీల్లో, మండల ఆఫీసుల్లో ఒకే నమూనా మీద వందల కాగితాలు తీసేవాళ్లు ఏ దారి పట్టాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందు తీర్పు, తర్వాత కారణాలు. పాన్‌డాక్ (కమాండ్ ఇచ్చి డాక్యుమెంట్ల రూపం మార్చే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు డాక్యుమెంట్‌కు చెందిన వివరాలను మెటాడేటా ఫైల్‌లో (టైటిల్, పేరు లాంటివి ఉంచే విడి ఫైల్‌లో), విలువలన్నిటికీ కోట్స్ పెట్టి రాయండి. ఫాంటు, మార్జిన్ లాంటి ముద్రణ వివరాలు డిఫాల్ట్స్ ఫైల్‌లో (పాన్‌డాక్ ఆప్షన్లను ఒకచోట దాచుకునే ఫైల్‌లో) ఉండాలి. కమాండ్ లైన్‌లో ఆ పూటకు మారేవి ఒకటో రెండో చాలు. సొంత స్క్రిప్ట్ రాసుకునేవాళ్లయితే మనిషి చేత్తో దిద్దే సెట్టింగ్స్‌కు టామల్, ఇంకో ప్రోగ్రామ్ నుంచి వచ్చే వాటికి జేసన్ (రెండూ యామల్ లాంటి ఫైల్ పద్ధతులే). ఇక ఉన్నదల్లా ఒక పేజీ ఉత్తరం, ఎక్సెల్‌లో పేర్ల జాబితా అయితే పాన్‌డాక్ జోలికే పోవద్దు, వర్డ్‌లో మెయిల్ మర్జ్ సరిపోతుంది. కానీ అక్కడ కూడా విస్తీర్ణం కాలమ్‌ను టైప్ చేయకముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. ఎక్సెల్ సైతం 2.10ని 2.1 చేస్తుంది.

ఆప్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగే వేయాలి.

గుర్తు దగ్గర వచ్చే తంటా

జతను విడగొట్టడం తేలికే అనిపిస్తుంది. విభజన గుర్తు విలువలో కూడా ఉన్నప్పుడు అసలు చిక్కు వస్తుంది. అది అరుదుగా వచ్చేదేమీ కాదు, తెలుగు పీడీఎఫ్ తీసే ప్రతివారికీ తగులుతుంది. లేటెక్ అనే అచ్చు అమరిక సాఫ్ట్‌వేర్‌లో ఒక రకమైన జీలేటెక్‌తో తెలుగు అచ్చు తీయాలంటే ఫాంటుతో పాటు దాని స్క్రిప్ట్ ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే వత్తులు అక్షరం కింద కూర్చోవు, విడివిడిగా పడతాయి. పాన్‌డాక్‌కు ఇచ్చే ఆ జత ఇలా ఉంటుంది:

మెయిన్‌ఫాంట్‌ఆప్షన్స్=స్క్రిప్ట్=తెలుగు

రెండు ఈక్వల్ గుర్తులు. గుర్తు కనిపించిన ప్రతిచోటా కోసే ప్రోగ్రామ్‌కు మూడు ముక్కలొస్తాయి. రెండే వస్తాయనుకుని రాసిన కోడ్ అక్కడే ఆగిపోతుంది, లేదా మూడో ముక్కను వదిలేస్తుంది. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే వత్తులు విడిపోయిన పీడీఎఫ్ బయటికొచ్చాక ఫాంటులో లోపం ఉందని వెతుకుతూ కూర్చుంటాం. మొదటి గుర్తు దగ్గర ఒక్కసారే కోస్తే కీ మెయిన్‌ఫాంట్‌ఆప్షన్స్, విలువ స్క్రిప్ట్=తెలుగు. పాన్‌డాక్ చేసేది ఇదే.

పాన్‌డాక్‌లో ఈక్వల్ బదులు కోలన్ కూడా చెల్లుతుంది. మార్జిన్ చెప్పడానికి అందరూ వాడే జత చూడండి:

జామెట్రీ:మార్జిన్=1ఇన్

ముందు ఈక్వల్ కోసం వెతికి, అది లేకపోతేనే కోలన్ చూసే పార్సర్‌కు (జతను విడగొట్టి చదివే కోడ్‌కు) ఇక్కడ కీ "జామెట్రీ:మార్జిన్" అవుతుంది. అలాంటి కీ టెంప్లేట్‌లో (విలువలు నింపే నమూనాలో) ఉండదు కాబట్టి మార్జిన్ మారదు. పోనీ కోలన్‌కే పెద్దపీట వేద్దామంటే, వెబ్ చిరునామా ఇచ్చినప్పుడు దెబ్బ తింటాం: లింక్=హెచ్‌టీటీపీఎస్://... అన్న దాంట్లో కీ "లింక్=హెచ్‌టీటీపీఎస్" అయి కూర్చుంటుంది. రెండిట్లో ఏది ముందొస్తే అక్కడ కోయడమే రెండు ఉదాహరణలకూ నిలిచే పద్ధతి. దానికీ ఒక లోటుంది. డీసీ:టైటిల్ లాగా కీ పేరులోనే కోలన్ ఉండే ఎక్స్‌ఎంఎల్ తరహా పేర్లు ఇందులో ఇమడవు. అలాంటి కీలు మీ పనిలో ఉంటే కోలన్‌ను విభజన గుర్తుగా ఒప్పుకోకండి, ఈక్వల్ ఒక్కటే ఉంచండి.

పైథాన్‌లో ఇందుకు స్ప్లిట్ కన్నా పార్టిషన్ మేలు. పార్టిషన్ ఎప్పుడూ మూడు భాగాలే ఇస్తుంది: గుర్తుకు ముందున్నది, గుర్తు, తర్వాతున్నది. గుర్తు లేకపోతే మధ్య భాగం ఖాళీగా వస్తుంది. అందువల్ల "డ్రాఫ్ట్" అని వట్టి పేరు ఇచ్చారా, "డ్రాఫ్ట్=" అని ఇచ్చి విలువను ఖాళీగా వదిలారా అన్నది తేడాగా కనబడుతుంది. ఈ రెంటినీ ఒకటిగా చూడకూడదు. పాన్‌డాక్‌లో వట్టి పేరు ఇస్తే విలువ ట్రూ అవుతుంది. ఈక్వల్ పెట్టి ఖాళీ వదిలితే ఖాళీ స్ట్రింగే (స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస), టెంప్లేట్ షరతులో అది "లేదు" కింద లెక్క.

పాన్‌డాక్‌లో ఐదు చోట్లు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పే జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌లో కీ-విలువలు రాయడానికి ఐదు చోట్లున్నాయి. పెద్ద ఎం ఆప్షన్, అంటే మెటాడేటా. పెద్ద వి ఆప్షన్, అంటే వేరియబుల్. డాక్యుమెంట్ తలపై మూడు హైఫన్ల మధ్య ఉండే యామల్ భాగం. విడిగా ఉండే మెటాడేటా ఫైల్. డిఫాల్ట్స్ ఫైల్. ఎం, వి రెండూ పైకి ఒకేలా ఉంటాయి, రెండూ టెంప్లేట్‌లో విలువ నింపుతాయి. అందుకే ఎక్కువమంది ఏదో ఒకటి వాడేస్తారు. తేడాలు మాత్రం పెద్దవి.

ఎం ద్వారా ఇచ్చింది డాక్యుమెంట్‌లో భాగమవుతుంది. ఫిల్టర్లకు (మార్పిడి మధ్యలో డాక్యుమెంట్‌ను దిద్దే చిన్న ప్రోగ్రామ్‌లకు) కనబడుతుంది, వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లోకి చేరుతుంది. టెంప్లేట్‌లో పడేటప్పుడు ప్రత్యేక గుర్తులకు తగిన ఎస్కేప్ (వాటిని మామూలు అక్షరాలుగా అచ్చయ్యేలా మార్చడం) కూడా జరుగుతుంది. వి ద్వారా ఇచ్చింది టెంప్లేట్ వరకే, ఎస్కేప్ ఏమీ లేకుండా ఉన్నదున్నట్టు దిగుతుంది. టైటిల్‌లో "రామయ్య & సన్స్" అని ఉందనుకోండి. ఎం వాడితే పీడీఎఫ్ సాఫీగా వస్తుంది. వి వాడితే లేటెక్ ఆ & గుర్తును పట్టిక గడుల మధ్య గుర్తుగా తీసుకుని, అక్కడ పట్టిక లేదంటూ ఆగిపోతుంది. శాతం గుర్తు ఉంటే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే లేటెక్‌కు అది వ్యాఖ్య మొదలయ్యే గుర్తు. ఆ గీతలో దాని తర్వాతున్నదంతా పోతుంది. కాబట్టి మనుషుల పేర్లు, ఊళ్లు, శీర్షికలు ఎం తోనే ఇవ్వాలి. లేటెక్ కోడ్ అలాగే వెళ్లాల్సిన ఫాంటు, జామెట్రీ లాంటివి వి తో ఇవ్వాలి.

ఇంకో తేడా చాలామందికి తెలియదు. ఎం తో ఇచ్చిన ట్రూ, ఫాల్స్ నిజంగానే అవును, కాదు అవుతాయి. వి తో ఇచ్చింది ఎప్పుడూ స్ట్రింగే. ఖాళీ కాని ఏ స్ట్రింగ్ అయినా టెంప్లేట్ షరతులో "అవును" కిందే లెక్క. అంటే వాటర్‌మార్క్ వద్దని వి తో వాటర్‌మార్క్=ఫాల్స్ అని రాస్తే, మీ టెంప్లేట్ వాటర్‌మార్క్ వేసే తీరుతుంది. వద్దనుకుంటే ఎం తో ఫాల్స్ ఇవ్వండి, లేదా ఆ కీ ఊసే ఎత్తకండి.

ఒకే కీని రెండుసార్లు ఇస్తే రెండోది మొదటిదాన్ని కొట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. పాన్‌డాక్ అలా చేయదు, రెంటినీ జాబితాగా కలుపుతుంది. థీసిస్‌కు ఇద్దరు రచయితల పేర్లు ఇవ్వడానికి ఇది చాలా బాగుంటుంది. మెయిన్‌ఫాంట్ రెండుసార్లు పడితే మాత్రం రెండు ఫాంటు పేర్లు అతుక్కుపోయి "నోటో సెరిఫ్ తెలుగుమల్లన్న" లాంటి లేని ఫాంటు కోసం లేటెక్ వెతుకుతుంది. ఫాంటు దొరకలేదన్న ఎర్రర్‌లో రెండు పేర్లు కలిసి కనిపిస్తే కారణం ఇదే.

యామల్ భాగంలోనూ మెటాడేటా ఫైల్‌లోనూ రాసిన విలువను పాన్‌డాక్ మార్క్‌డౌన్‌గా (గుర్తులతో అక్షరాల రూపం చెప్పే పద్ధతిలో) చదువుతుంది. నక్షత్రాల మధ్య ఉన్నది ఇటాలిక్ అవుతుంది, రెండు హైఫన్లు పొడవు గీతగా మారొచ్చు. ఎం తో ఇస్తే ఆ గుర్తులు అలాగే ఉంటాయి. గ్రంథం పేరు ఇటాలిక్‌లో రావాల్సిన శీర్షిక అయితే ఫైల్‌లో రాయాలి. రిఫరెన్స్ నంబర్లో నక్షత్రం గుర్తు ఉంటే ఎం తో ఇవ్వాలి.

ఎవరి మాట నెగ్గుతుందో కూడా తెలిసి ఉండాలి. మెటాడేటా ఫైల్ అన్నిటికన్నా కింది మెట్టు. డాక్యుమెంట్‌లోని యామల్ దాన్ని దాటుతుంది. ఎం ఆ రెంటినీ దాటుతుంది. టెంప్లేట్‌లో వి అందరి పైనా ఉంటుంది. డిఫాల్ట్స్ ఫైల్ పేరు చూసి అది అట్టడుగున ఉంటుందనుకోవద్దు. అందులోని మెటాడేటా విభాగం ఎం తో ఇచ్చినట్టే పనిచేస్తుంది, డాక్యుమెంట్‌లో రాసుకున్న టైటిల్‌ను కొట్టేస్తుంది, విలువను మార్క్‌డౌన్‌గా చదవదు కూడా. పరిశోధక విద్యార్థులు ఎవరి అధ్యాయం వాళ్లు రాసి పంపే చోట, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కానీ పాలమూరు విశ్వవిద్యాలయం కానీ, సంస్థ పేరు, విభాగం లాంటివి మెటాడేటా ఫైల్‌లో పెట్టండి. విద్యార్థి తన ఫైల్‌లో మార్చుకోగలడు. ఎవరూ మార్చకూడనివి డిఫాల్ట్స్ ఫైల్‌లోని మెటాడేటాలో పెట్టండి.

ఆస్కీడాక్టర్ అనే ఇంకో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ఈ అధికారాల పంపకం ఇంకా ముచ్చటగా ఉంటుంది. చిన్న ఏ ఆప్షన్‌తో కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ మామూలుగా డాక్యుమెంట్‌ను దాటుతుంది. విలువ చివర @ గుర్తు తగిలిస్తే డాక్యుమెంట్‌కు దాన్ని మార్చుకునే హక్కు వస్తుంది. పేరు చివర ! పెడితే ఆ కీ రద్దు. సొంత పరికరం తయారుచేసేవాళ్లు ఈ పద్ధతిని తీసుకోవాలి. ఎవరి మాట నెగ్గాలన్నది జత పక్కనే కనబడుతుంది, మాన్యువల్ తిరగేసే పని ఉండదు.

యామల్, టామల్, జేసన్, ఐఎన్‌ఐ

యామల్‌లో ముప్పంతా కోట్స్ లేని విలువలను అది తనంతట తాను ఊహించడంలో ఉంది. పైయామల్ పాటించే 1.1 వెర్షన్ నియమాల్లో సమావేశం వేళ 10:30 అని రాస్తే అరవై చొప్పున లెక్క కట్టి 630 చేస్తుంది. తేదీ 2014-06-02 అని రాస్తే తేదీ ఆబ్జెక్ట్ అవుతుంది, స్ట్రింగ్ కాదు. ఇంగ్లీషులో నో అని రాసిన గడి ఫాల్స్ అవుతుంది, చివరికి తెలుగు ధ్రువీకరణ పత్రం మధ్యలో "ఫాల్స్" అని అచ్చవుతుంది. సున్నాతో మొదలై ఏడు దాటని అంకెలే ఉన్న కోడ్‌ను ఎనిమిది ఆధారంగా లెక్కిస్తుంది: 01750 కాస్తా 1000 అయిపోతుంది. నల్గొండ ఎస్‌టీడీ కోడ్ 08682లో ఎనిమిది ఉండటంతో అది బతికిపోతుంది, స్ట్రింగ్‌గానే నిలుస్తుంది. అదే ఫైల్‌ను 1.2 నియమాలు పాటించే వేరే లైబ్రరీకి ఇస్తే 8682 అవుతుంది. ఒకే ఫైల్ రెండు చోట్ల రెండు రకాలుగా చదవబడుతుందంటే ఆ ఫైల్ మీద భరోసా పెట్టుకోలేం. విలువ మధ్యలో కోలన్, దాని తర్వాత ఖాళీ వచ్చినా ఆగిపోతుంది. "మిర్యాలగూడ: ఒక పరిశీలన" అన్న టైటిల్‌కు కోట్స్ తప్పవు.

ఇన్ని చిక్కులకూ మందు ఒక్కటే, ప్రతి విలువకూ కోట్స్. ట్రూ, ఫాల్స్‌గానే ఉండాల్సినవి తప్ప వేటినీ వదలకండి. సింగిల్ కోట్స్ మేలు, ఎందుకంటే డబుల్ కోట్స్ లోపల బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేక అర్థం ఉంది, విండోస్ ఫోల్డర్ దారులు అక్కడ చెడిపోతాయి.

టామల్‌లో ఈ ఊహించే గుణం లేదు. స్ట్రింగ్‌కు కోట్స్ తప్పనిసరి, పెట్టకపోతే ఎర్రర్ ఇస్తుంది. 08682 అని వట్టిగా రాస్తే ముందు సున్నా చెల్లదని మొహం మీదే చెబుతుంది. జేసన్ కూడా అంతే. కానీ 2.10 వట్టిగా రాస్తే ఈ రెంట్లోనూ దశాంశ సంఖ్యే, 2.1 అవుతుంది. కాబట్టి గుంటల అంకెకు ఎక్కడైనా కోట్స్ పెట్టాల్సిందే. టామల్ 1.0 లో తెలుగు కీలకు ఇంకో షరతు: కోట్స్ లేని కీలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. "మండలం" అన్న కీ పెట్టాలంటే దానికీ కోట్స్ కావాలి. పైథాన్ 3.11 నుంచి టామల్ చదివే టామ్‌లిబ్ దాంతోనే వస్తుంది, విడిగా ఏమీ వేయనక్కర్లేదు. అది చదవడానికే పనికొస్తుంది, రాయలేదు.

జేసన్‌లో వ్యాఖ్యలు రాసుకునే వీల్లేదు, చివరి జత తర్వాత కామా ఉంటే తిరగ్గొడుతుంది. మనిషి దిద్దే ఫైల్‌కు అది పనికిరాదు. ఎక్సెల్ నుంచో వెబ్ ఫారం నుంచో స్క్రిప్ట్ తయారుచేసే ఫైల్‌కు అంతకన్నా మంచిది లేదు.

ఐఎన్‌ఐ తరహా ఫైళ్లు చూడ్డానికి తేలిక, పాత విండోస్ ప్రోగ్రామ్‌లతో పరిచయం ఉన్నవాళ్లకు అలవాటే. పైథాన్‌లో వీటిని చదివే కాన్ఫిగ్‌పార్సర్‌లో మూడు ఉచ్చులున్నాయి. కీలను తనంతట తాను చిన్న అక్షరాల్లోకి మారుస్తుంది. ఈక్వల్, కోలన్ రెంటినీ విభజన గుర్తులుగా చూస్తుంది. శాతం గుర్తును వేరే కీ విలువను తెచ్చి అతికించే సంకేతంగా తీసుకుంటుంది. బొమ్మ వెడల్పు 50% అని రాస్తే ఆ విలువ అడిగిన క్షణాన ఇంటర్‌పొలేషన్ ఎర్రర్ వస్తుంది. పార్సర్ తయారుచేసేటప్పుడు ఇంటర్‌పొలేషన్=నన్ అని పెడితే ఆ బాధ తీరుతుంది.

లిబ్రేఆఫీస్

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు కుప్పలుగా ఉండి పీడీఎఫ్ కావాలంటే లిబ్రేఆఫీస్ హెడ్‌లెస్ పద్ధతే (కిటికీ తెరవకుండా కమాండ్‌తో నడపడమే) సరైనది. పాన్‌డాక్ ఆ పనిలో పేజీ అమరికను నిలబెట్టదు. ఇక్కడ ఇచ్చే వివరాలు రెండు రూపాల్లో ఉంటాయి, రెంటికీ పోలికే లేదు.

సీఎస్‌వీ ఫైల్‌కు కీలే లేవు, స్థానాన్ని బట్టి అర్థం: 44,34,76,1 అని కామాలతో ఇస్తాం. 44 అంటే గడుల మధ్య కామా, 34 అంటే డబుల్ కోట్, 76 అంటే యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను నిలవచేసే పద్ధతి), 1 అంటే మొదటి వరుస నుంచి. ట్యాబ్‌తో విడగొట్టిన ఫైల్ అయితే మొదటి అంకె 9, సెమీకోలన్ అయితే 59. మూడో అంకె తప్పితే తెలుగంతా పిచ్చి గుర్తులవుతుంది. ఐదో స్థానం చాలా విలువైనది, ఏ కాలమ్‌ను ఎలా చదవాలో అక్కడ చెప్పొచ్చు. 44,34,76,1,3/2 అంటే మూడో కాలమ్‌ను టెక్స్ట్‌గా చదవమని. విస్తీర్ణం మూడో కాలమ్‌లో ఉంటే 2.10 భద్రంగా 2.10 గానే ఉంటుంది. స్థానాల పద్ధతిలో మధ్యలో ఒక కామా మర్చిపోతే మిగతావన్నీ ఒక అడుగు పక్కకు జరుగుతాయి, ఎవరూ కనిపెట్టరు. అందుకే ఈ వరుసను ఎప్పటికప్పుడు కొట్టకండి. ఒకసారి సరిచూసి బ్యాచ్ ఫైల్‌లో దాచుకోండి.

పీడీఎఫ్ ఎగుమతికి 7.4 వెర్షన్ నుంచి జేసన్ రూపం వచ్చింది. ఒక్కో కీకి విలువతో పాటు దాని రకం కూడా రాయాలి: పేజ్‌రేంజ్‌కు రకం స్ట్రింగ్, విలువ 2-3 అని. పొడుగ్గా ఉంటుంది, కానీ ఊహించడానికి తావులేదు. వెర్షన్ పాతదైతే అప్‌డేట్ చేసుకోవడమే మేలు. ఫిల్టర్ పేరు మాత్రం చూసి రాయండి. ఉత్తరాలకు రైటర్ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్, ఎక్సెల్ షీట్‌కు కాల్క్ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్.

కమాండ్ ఇచ్చినా ఏమీ జరగకపోతే అప్పటికే లిబ్రేఆఫీస్ కిటికీ తెరిచి ఉందేమో చూడండి. తెరిచి ఉండాల్సిందే అయితే యూజర్‌ఇన్‌స్టలేషన్ ఆప్షన్‌తో వేరే ప్రొఫైల్ ఫోల్డర్ చూపించాలి.

రకాన్ని ఆప్షనే చెప్పే పరికరాలు

పాతకాలపు పరికరాలు కొన్ని ఈ విషయంలో చాలా నిక్కచ్చి. పీడీఎఫ్ ఫైళ్లకు వాడే గోస్ట్‌స్క్రిప్ట్‌లో చిన్న డి తో ఇచ్చింది అంకె, ట్రూ, ఫాల్స్ లాంటిది, చిన్న ఎస్ తో ఇచ్చింది స్ట్రింగ్. అవుట్‌పుట్ ఫైల్ పేరు ఎస్ తోనే ఇవ్వాలి. డాక్‌బుక్ (పుస్తకాలు రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి) వాడేవాళ్లకు తెలిసిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌లో పారామ్ ఆప్షన్ తన విలువను ఎక్స్‌పాత్ వాక్యంగా (ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో భాగాలను వెతికే సూత్రంగా) చదువుతుంది. పేపర్ సైజు ఏ4 అని ఇస్తే ఏ4 అనే ఎలిమెంట్ కోసం వెతికి, దొరకక, ఖాళీ తెస్తుంది. స్ట్రింగ్‌పారామ్ వాడితే మీరు రాసిందే విలువ. రెంటిలో అనుమానం వస్తే స్ట్రింగ్‌పారామ్ అనుకోండి, పదికి తొమ్మిదిసార్లు కావాల్సింది అదే.

విండోస్ కమాండ్ లైన్, తెలుగు అక్షరాలు

పార్సర్ ఎంత బాగున్నా జత దాని దాకా చేరకముందే విరిగిపోవచ్చు. విండోస్ బ్యాచ్ ఫైల్‌కు కీ=విలువ అని ఇస్తే ఈక్వల్ దగ్గర అదే కోసేసి మొదటి పారామీటర్‌లో కీని, రెండో దాంట్లో విలువను పెడుతుంది. కామా, సెమీకోలన్ దగ్గరా అంతే. జత మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టండి. గోస్ట్‌స్క్రిప్ట్ అయితే ఈక్వల్ బదులు # గుర్తును ఒప్పుకుంటుంది, కారణం ఇదే. బ్యాచ్ ఫైల్ లోపల 50% రాయాలంటే శాతం గుర్తు రెండుసార్లు వేయాలి. పవర్‌షెల్ 7.3 కన్నా ముందు వెర్షన్లు బయటి ప్రోగ్రామ్‌కు పంపేటప్పుడు లోపలి డబుల్ కోట్స్ ఊడబెరుకుతాయి, లిబ్రేఆఫీస్ జేసన్ అక్కడే చెడుతుంది. ఈ బాధలన్నీ విలువలను ఫైల్‌లోకి మార్చగానే పోతాయి. కమాండ్ లైన్‌లో తక్కువ పెట్టమనడానికి అసలు కారణం ఇది.

వాట్సాప్‌లో వచ్చిన కమాండ్‌ను, వర్డ్‌లో దాచుకున్న కమాండ్‌ను అలాగే అతికించకండి. వంకర కోట్స్, కలిసిపోయిన హైఫన్లు దానితో వస్తాయి. పాన్‌డాక్‌లో బొమ్మ పక్కన మీసాల బ్రాకెట్లలో రాసే వెడల్పు, ఎత్తు జతల్లో వంకర కోట్ పడితే ఆ కొలత సరిగా చదవబడదు.

నోట్‌ప్యాడ్‌లో బీఓఎంతో సేవ్ చేసిన యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో కనబడని గుర్తు ఉంటుంది. పైథాన్ జేసన్ దాన్ని చూసి ఆగిపోతుంది, కాన్ఫిగ్‌పార్సర్ సెక్షన్ హెడర్ లేదంటుంది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే బీఓఎం ఉన్నా లేకపోయినా చదువుతుంది. ఎన్‌కోడింగ్ చెప్పకుండా తెరవడం విండోస్‌లో తెలుగుకు చేటు.

తెలుగు కీలు వాడితే ఇంకో కనబడని శత్రువు ఉంది. "పాస్‌బుక్" అన్న మాటలో స్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు) ఉంటుంది. ఒకరు దాంతో, ఒకరు అది లేకుండా కొడితే కంటికి దాదాపు ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు రెండు వేరు కీలు. పైథాన్ స్ట్రిప్ దాన్ని తీయదు, యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరానికి ఉన్న వేరు రూపాలను ఒకటి చేసే పద్ధతి) కూడా తీయదు. ఐత్వం గుర్తు ఒక ముక్కగానూ రెండు ముక్కలుగానూ నిలవ ఉండొచ్చు, దాన్ని మాత్రం ఎన్‌ఎఫ్‌సీ సరిచేస్తుంది. కీలకు ఎన్‌ఎఫ్‌సీ చేసి, జాయినర్లు తీసేసి పోల్చండి. విలువల జోలికి వెళ్లకండి, అక్కడ జాయినర్ తీస్తే మాట రూపమే మారుతుంది. కీలు ఇంగ్లీషులో, విలువలు తెలుగులో పెట్టుకోవడం అన్నిటికన్నా సుఖం.

అను ఫాంట్లలో కొట్టిన పాత పేజీమేకర్ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా ఏ పార్సర్‌కూ ఇవ్వకండి. అందులో తెలుగు అక్షరాల వెనక ఉన్నవి ఇంగ్లీషు కీబోర్డు గుర్తులే. ఈక్వల్, కోట్, బ్రాకెట్ మాట మధ్యలో దొర్లి జత ఎక్కడపడితే అక్కడ తెగుతుంది.

సొంత పార్సర్ రాస్తే

విలువను చివరిదాకా స్ట్రింగ్‌గానే మోయండి. అంకె కావాల్సిన చోట, అంటే మార్జిన్, పేజీల సంఖ్య లాంటి వాటి దగ్గర, వాడే ముందు మాత్రమే మార్చండి. ఏ కీకి ఏ రకమో ఒక పట్టికలో రాసుకోండి, విలువ రూపం చూసి ఊహించే కోడ్ రాయొద్దు. పట్టికలో లేని కీ వస్తే వదిలేయకుండా ఆపి, దగ్గరి పేరు చూపించండి. ఒకే కీ రెండుసార్లు వస్తే జాబితా చేయాలా, తప్పని చెప్పాలా అన్నదీ ఆ పట్టికలోనే ఉండాలి. ఎర్రర్‌లో ఫైల్ పేరు, గీత నంబర్, కీ మూడూ చెప్పండి. రెండు వందల దరఖాస్తుల్లో ఏది చెడిందో వెతుక్కునే మనిషికి అవి మూడూ కావాలి.

ఏ దారి ఎంచుకున్నా, అసలు ఫైళ్లకు ముందు ఒక పరీక్ష డాక్యుమెంట్ నడపండి. దాని టెంప్లేట్ ప్రతి కీనీ, విలువనూ రెండు నిలువు గీతల మధ్య అచ్చు వేస్తే చాలు. విలువలుగా ఇవి ఇవ్వండి: 2.10, 08682, 01750, 10:30, 2014-06-02, ఇంగ్లీషు నో, 50%, స్క్రిప్ట్=తెలుగు, రామయ్య & సన్స్, మిర్యాలగూడ: ఒక పరిశీలన, ఒక వెబ్ చిరునామా, ఒక ఖాళీ విలువ, జాయినర్ ఉన్న పాస్‌బుక్. వచ్చిన పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ అక్షరం అక్షరం సరిచూడండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినప్పుడల్లా ఇదే ఫైల్ మళ్లీ నడపండి.